మిషనుకి రాని వంకర

బిస్కెట్ల ఫ్యాక్టరీలో అచ్చులు చెక్కే మనిషిని కట్టుకుని, ఇంట్లోకి ఒక్క బిస్కెట్ ప్యాకెట్ రానివ్వని ఇల్లాలు ఎక్కడైనా ఉంటుందా అంటే, ఉంది. ఆవిడ కోపానికి కారణం కూడా ఉంది. పెళ్లయిన కొత్తలో మొగుడు గొప్పగా తెచ్చిన బిస్కెట్ల డబ్బా తెరవబోతే, రేకు మూత ఆవిడ కుడి బొటనవేలిని ఏటవాలుగా కోసేసింది. గాయం మానింది గానీ గాటు మిగిలిపోయింది. మూతే మనిషిని ఇంత పని చేస్తే లోపలున్న సరుకు పేగుల్ని ఏం చేస్తుందోనని ఆవిడ ఆ పూటే తేల్చేసింది. అందులో తర్కం ఎంతుందో మనకెందుకు గానీ, అప్పట్నుంచి ఆ ఇంట్లో చిరుతిండి ఏదైనా ఆవిడ చేతుల్లోనే పుట్టాలి.

ఆయన్ని ఫ్యాక్టరీలో అందరూ అచ్చులాయన అనేవారు. ఇత్తడి రోలరు మీద గుండ్రటి గుంటలు చెక్కడం ఆయన పని. పిండి ఆ గుంటల్లో పడి, నొక్కుకుని, బిస్కెట్టై బయటికొస్తుంది. ఆయన చెక్కిన గుంటలో వెంట్రుకవాసి తేడా ఉండదు. మనిషి కూడా అంతే, నున్నగా, అంచు తగలకుండా ఉంటాడు. నోట్లో వేలు పెడితే కొరకలేడని చుట్టాల్లో మంచి పేరు. అలాంటి మంచివాళ్ల వల్ల ఇళ్లలో ఎన్ని అనర్థాలు జరుగుతాయో ఎవరూ లెక్క కట్టరు.

ఆవిడ చేసిన మొదటి వాయి బిస్కెట్లు గోడకి మేకు దిగ్గొట్టుకోవడానికి పనికొచ్చేలా ఉండేవి. ఆయన వాటిని టీలో నానబెట్టి, ఓపిగ్గా నమిలి, బాగున్నాయనేవాడు. ఆవిడ పట్టు వదల్లేదు. వెన్న తగ్గించింది, పెంచింది, ఓవెన్ తలుపు సందులో గుడ్డ పెట్టి చూసింది. చివరికి కిటుకు దొరికింది. ప్రతి ఉండనీ అరచేత్తో తట్టి, మధ్యలో బొటనవేలితో గట్టిగా నొక్కితే లోపలి పచ్చి పోయి సమంగా కాలుతుంది. ఒకటి కోలగా, ఒకటి కుండపెంకులా, ఒకటి అలిగినట్టు పక్కకి వాలి ఉండేది. మధ్యలో మాత్రం వేలి గుంట, ఆ గుంటలో ఏటవాలు గీత. తింటే నోట్లో వెన్నలా కరిగేది. కూతురు బళ్లోకి పట్టుకెళ్లేది, ఆయన ఫ్యాక్టరీకి పట్టుకెళ్లేవాడు.

ఇంతలో లోకానికి గుండ్రం మీద విరక్తి పుట్టింది. ఆ సంగతి మేనేజరుగారు అచ్చులాయన్ని గదిలోకి పిలిచి మరీ చెప్పారు.

"జనానికి ఇంట్లో చేసిన తిండి కావాలయ్యా. చేసుకునే ఓపిక మాత్రం లేదు. అందుకని ఇంట్లో చేసినట్టుండేది మనం ఇక్కడ చెయ్యాలి. పేరు 'ఇంటి బిస్కెట్లు'. కాస్త మాడిన వాసన కోసం సీసాల్లో మందు తెప్పించాం. నువ్వు వంకరగా ఉండే అచ్చు చెక్కి పెట్టు."

"వంకరగానా సార్?"

"వంకరగానే. చూడగానే ఎవరో తల్లి పాపం కష్టపడి చేసిందనిపించాలి."

పుట్టి బుద్ధెరిగాక తిన్నగా తప్ప చెక్కనివాడికి వంకర ఎక్కణ్ణుంచి వస్తుంది? అచ్చులాయన వృత్తలేఖిని ముందేసుకుని వంకరలు గీశాడు. స్కేలు పెట్టి సరిచూసుకున్నాడు. ఒకటి గుడ్డులా వచ్చింది, ఒకటి చెప్పు అడుగులా వచ్చింది. మేనేజరుగారు చూసి, ఇవి తల్లి చేసినట్టు లేవు, గుమాస్తా చేసినట్టున్నాయని విసిరికొట్టారు. అచ్చులాయనకి తిండి సయించలేదు. ఉద్యోగం మాట అటుంచి, వంకర గీయడం చేతకాలేదంటే ఇక చేతులెందుకని మథనపడుతూ మధ్యాహ్నం డబ్బా విప్పాడు.

డబ్బాలో పెళ్లాం బిస్కెట్లున్నాయి. చాలాసేపు వాటినే చూశాడు. తర్వాత అన్నిట్లోకీ అందంగా అలిగిన దాన్ని ఒకదాన్ని తీసి రుమాల్లో చుట్టుకుని పనిగదిలోకి వెళ్లాడు. దాని మీద సన్నటి ప్లాస్టరు పోత పోశాడు. పోతలోంచి అచ్చు తీశాడు. వేలి గుంట దిగింది, గుంటలో రేఖలు దిగాయి, రేఖల మధ్య డబ్బామూత కోసిన గాటు కూడా దిగింది. మేనేజరుగారు భూతద్దంతో చూసి లేచి నిలబడ్డారు.

"ఈ గాటు చూశావూ, ఇదయ్యా ప్రాణం. ఎవరిదీ వేలు?"

"ఊహించి చెక్కాను సార్" అన్నాడు నోట్లో వేలు పెడితే కొరకలేనివాడు.

"మంచిది. అచ్చు సంగతి గుమ్మం దాటకూడదు. దాటిందా, నువ్వూ దాటాల్సి వస్తుంది."

ఆ సాయంత్రం ఆవిడ ఖాళీ డబ్బా కడుగుతూ అన్నీ తిన్నారా అని అడిగింది. తిన్నానన్నాడు. చెప్పేద్దామనే అనుకున్నాడు. చొక్కా మార్చుకున్నాక చెబుదామనుకున్నాడు, కాఫీ తాగాక చెబుదామనుకున్నాడు, ఆవిడ మంచి ఉషారులో ఉన్నప్పుడు చెబుదామనుకున్నాడు. ఆవిడ ఉషారుగా ఉన్నప్పుడు ఎందుకు చెడగొట్టడమని ఊరుకున్నాడు. 'ఇంటి బిస్కెట్లు' మాత్రం ఊరుకోకుండా ఊరంతా తిరిగాయి. ఏ కొట్లో చూసినా అవే. ఆయన పేరు ముందు సీనియర్ అని చేరింది. ప్యాకెట్ గుమ్మం తొక్కని ఇల్లు కాబట్టి ఆవిడకేమీ తెలియలేదు.

ఒకసారి కూతురే అంది. "నాన్నా, మా క్లాసమ్మాయి డబ్బాలో కూడా అమ్మ బిస్కెట్లే ఉన్నాయి."

"అందరమ్మలూ అలాగే చేస్తారమ్మా. నువ్వు అన్నం తిను" అన్నాడు.

ఇలా రోజులు గడుస్తుండగా కూతురు చదివే బళ్లో ప్యాకెట్ తిళ్లు నిషేధించారు. పిల్లల పళ్లు పుచ్చిపోతున్నాయని తల్లిదండ్రుల సంఘం ఏకగ్రీవంగా బాధపడింది. బళ్లోనే ఒక వంటగది కట్టించి, పెద్ద ఓవెన్ పెట్టించి, రోజూ సాయంత్రం పిల్లలకి చేత్తో చేసిన తిండే పెట్టాలని తీర్మానించారు. దానికి జీతమిచ్చి ఒక తల్లిని పెట్టుకుంటారట. పోటీకొచ్చేవాళ్లు ఇంట్లో చేసింది ఒక డబ్బా పట్టుకు రావాలట.

ఆ కబురు విన్న రోజు ఆవిడ కూరలో ఉప్పు రెండుసార్లు వేసింది. పెళ్లికి ముందు బట్టల కొట్లో బిల్లులు కొట్టేది. కొట్టు మూతపడింది, తర్వాత కూతురు పుట్టింది, ఆ తర్వాత ఎవరూ ఆవిణ్ణి ఏం చేస్తుంటారని అడగడమే మానేశారు. పెద్ద ఓవెన్, వరసగా ఆరబెట్టిన పళ్లేలు, తన కొంగున వంటగది తాళం. ఆవిడకి అదంతా కళ్లముందు ఆడుతోంది.

"ఏమండీ, నాకిది రావాలండీ. నేనిన్నాళ్లూ ఏదీ అడగలేదు. ఇది మాత్రం నాకు రావాలి" అంది.

అచ్చులాయన గుండెలో రాయి పడింది. సంఘంవాళ్ల ముందు పెళ్లాం డబ్బా తెరిస్తే లోపల ఏముంటుంది? ఊళ్లో అన్ని కొట్లలోనూ ఉన్న బిస్కెట్టే ఉంటుంది. అదే వంకర, అదే గుంట, అదే గాటు. పక్కన ఎవరైనా ప్యాకెట్ పెట్టి చూశారంటే, తన దొంగతనం బజార్న పడుతుంది. ఏ మొగుడైనా అప్పుడు నిజం చెప్పేస్తాడు. ఈయన పనిముట్లు తీశాడు.

ఆదివారమంతా కూర్చుని పెళ్లాం కోసం పదునైన అంచున్న ఇత్తడి వృత్తం ఒకటి చేశాడు. పిండి మీద నొక్కితే చంద్రబింబంలాంటి బిస్కెట్టు ఊడిపడుతుంది. మందం సమంగా రావడానికి చట్రం చేశాడు. మధ్యలో నొక్కడానికి చిన్న నున్నటి బిళ్ల చేశాడు.

"వేలెందుకే, అది లేకపోయినా నొక్కుకోవచ్చు. పెద్దమనుషులు చూస్తారు, శుభ్రం చూస్తారు. ఇదైతే నీటుగా ఉంటుంది" అన్నాడు.

ఆవిడ ఆ బిళ్లని చేతిలో తిప్పి తిప్పి చూసుకుంది. ఇన్నేళ్లలో ఆయన తన కోసం చేసిన వస్తువు అదే మొదటిది. కళ్లలో నీళ్లు తిరిగాయి. అంచు చివర ఎంత నున్నగా ఉందోనని వేలితో రాసి చూసుకుంది. దొంగ ముఖంలోని భయాన్ని ప్రేమ అనుకునే ఆడవాళ్లకి లోకంలో కొదవ లేదు. పోటీనాడు ఆవిడ చేసిన బిస్కెట్లు అచ్చుగుద్దినట్టు ఒక్కలా వచ్చాయి. ఆవిడ వాటిని డబ్బాలో పేరుస్తుంటే ఆయన హాయిగా ఊపిరి పీల్చుకున్నాడు.

పోటీ బళ్లో సంగీతం గదిలో పెట్టారు. హార్మోనియం పెట్టెల్ని గోడవారకి తోసి, మధ్యలో బల్ల వేశారు. బల్ల వెనక సంఘం ప్రెసిడెంటమ్మ, ఆవిడకి కుడిపక్కన హెడ్‌మాస్టరు, ఎడంపక్కన పళ్ల డాక్టరు. ప్రెసిడెంటమ్మ సహజమైనవి తప్ప ముట్టదని ప్రతీతి. సబ్బు కూడా సహజమైనదే వాడుతుందట, వాసన చూస్తే తెలుస్తుంది. పోటీకొచ్చిన వాళ్లలో ఆవిడ ఆడపడుచు కూడా ఉంది. అయినా తీర్పు నిష్పక్షపాతంగా ఉంటుందని ప్రెసిడెంటమ్మ ముందే నొక్కి చెప్పింది. నొక్కి చెప్పాల్సొచ్చిందంటేనే మనం అర్థం చేసుకోవాలి.

అచ్చులాయన భార్య డబ్బా తెరవగానే బల్ల వెనక మూడు ముఖాలూ ఒకదాన్నొకటి చూసుకున్నాయి. ప్రెసిడెంటమ్మ ఒక బిస్కెట్టు తీసి, కళ్లజోడు దించి, అంచు చుట్టూ గోరు పోనిచ్చింది. ఇంకొకటి తీసి దాని మీద పెట్టింది. రెండూ కలిసి ఒక్కటే అన్నట్టు అతుక్కున్నాయి.

"చూడమ్మా, నిన్ను బాధపెట్టాలని కాదు. ఇవి కొన్నవి" అంది.

"కాదండీ, పొద్దున్నే చేశాను. ఇంకా వెచ్చగానే ఉన్నాయి చూడండి."

"వెచ్చబెట్టడం ఎంతసేపు. మీ ఆయన పని చేసేది బిస్కెట్ల ఫ్యాక్టరీలోనే కదూ?"

గదిలో ఒక మూల నుంచి సన్నటి నవ్వు వినిపించింది. పళ్ల డాక్టరు ఒకటి కొరికి, రుచి బాగానే ఉందని గొణిగి, రెండోది కూడా తీసుకున్నాడు. ఆయన మాటెవరూ పట్టించుకోలేదు.

"చేత్తో చేసిందంటే ఎలా ఉంటుందో చూపిస్తానుండు" అని ప్రెసిడెంటమ్మ ఆడపడుచు డబ్బా ముందుకు లాగింది. స్టీలు డబ్బా, పైన తెల్లటి గుడ్డ, గుడ్డకి కుట్టుపువ్వులు. లోపల వంకర బిస్కెట్లు. "ఇదుగో, ఇదీ ఇంటి తిండంటే. ఈ వంకర చూడు. ఈ వేలిగుర్తు చూడు. పాపం ఎంత శ్రద్ధగా నొక్కిందో, ఎక్కడో వేలు తెగిన గాటు కూడా ఉంది. నాకైతే మా అమ్మే గుర్తొచ్చింది."

ఆడపడుచు తలొంచుకుని సిగ్గుపడింది. ఆవిడ రెండు బొటనవేళ్లూ పసిపిల్ల వేళ్లలా నున్నగా ఉన్నాయి, వాటి వంక ఎవరూ చూడలేదు. తల దించుకుంటే చాలు, జనం చేతులు చూడరు. కొట్లో ఈ వంకర చూసినవాళ్లు గదిలో ఉన్నా, ప్యాకెట్లు కొంటామని ప్రెసిడెంటమ్మ ముందు ఒప్పుకునేదెవరు?

అచ్చులాయన భార్య ముందుకి వంగింది. ఒక బిస్కెట్టు తీసుకుని చాలాసేపు చూసింది. తర్వాత మెల్లగా తన బొటనవేలిని ఆ గుంటలో పెట్టింది. ఒరలో కత్తి దిగినట్టు దిగిపోయింది. ఇంకొకటి తీసింది, అందులోనూ దిగింది. మూడోది తియ్యలేదు. తల తిప్పి, గోడవారన హార్మోనియాల మధ్య నిలబడ్డ మొగుడి వంక చూసింది.

ఆయన ముఖం దొంగకు తేలు కుట్టినట్టయింది.

"ఆయన్నే అడుగుదాం. బిస్కెట్ల సంగతి ఆయనకంటే తెలిసినవాళ్లెవరు" అన్నాడు హెడ్‌మాస్టరు. పాపం మంచివాడే. "మీరు చెప్పండి. ఈ రెండింట్లో మిషను చేసింది ఏది?"

గదంతా అచ్చులాయన వైపు తిరిగింది. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. నిజం చెబితే ప్రెసిడెంటమ్మ పరువు పోతుంది, తన దొంగతనం బయటపడుతుంది, మేనేజరుగారు గుమ్మం చూపిస్తారు. చెప్పకపోతే పెళ్లాం కళ్లముందు ఆడుతున్న ఆ వంటగది పోతుంది. ఆయన ఇదంతా ఆలోచించాడనుకుంటే మనం ఆయన్ని గౌరవించినట్టే. గుమ్మం దగ్గరే ఆగిపోయింది ఆయన ఆలోచన.

"రెండూ బాగున్నాయండి" అన్నాడు.

"అది కాదండి. మిషనుది ఏదని?"

అచ్చులాయన బల్ల దగ్గరికొచ్చాడు. స్టీలు డబ్బాలో ఉన్న తన పనితనం వంక చూశాడు. అంత భయంలోనూ ఆ గాటు ఎంత బాగా దిగిందోనని ఒక్క క్షణం ముచ్చటేసింది. మనిషన్నవాడికి ఎక్కడ గర్వం పుడుతుందో చెప్పలేం.

"మామూలుగా అయితే... మిషనుకి ఇంత వంకర రాదండి" అన్నాడు.

"విన్నారుగా" అంది ప్రెసిడెంటమ్మ.

అంతే. అచ్చులాయన భార్య తన డబ్బాకి మూత పెట్టుకుంది. ఆ ఉద్యోగం ప్రెసిడెంటమ్మ ఆడపడుచుకి వచ్చింది, తాళం ఆడపడుచు కొంగుకెక్కింది. అందరూ చప్పట్లు కొట్టారు. అచ్చులాయన కూడా కొట్టబోయి, చేతులు దగ్గరికొచ్చాక ఆగాడు.

ఇంటికెళ్లే దారిలో కూతురు మధ్యన నడిచింది. సందు మలుపులో కొట్టు ముందు 'ఇంటి బిస్కెట్లు' దండల్లా వేలాడుతున్నాయి. ఆవిడ ఆగింది. ప్యాకెట్ మీద బొమ్మలో పెద్ద బొటనవేలు ఉంది, వేలి మీద గాటు ఉంది, కింద 'ప్రేమతో నొక్కింది' అని రాసుంది. ఆవిడ అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివింది.

"ఎలాగైనా చెబుదామనే అనుకున్నానే" అన్నాడాయన.

"అడిగుంటే ఇచ్చేదాన్ని. వేలే కదా. పిండిలో ఇంకో నాలుగుసార్లు నొక్కేదాన్ని" అంది.

"మేనేజరుగారు..."

"ఆ బిళ్ల కూడా అందుకేనా? నాకు చేసిపెట్టింది?"

ఆయన వేలాడుతున్న ప్యాకెట్ల వైపు చూపు తిప్పుకున్నాడు. ఆవిడ తల ఊపి, కూతురి చెయ్యి పట్టుకుని నడిచింది. తిడితే బాగుండునని ఆయనకి ఆ క్షణంలో నిజంగా అనిపించింది. తిట్టించుకోవడానికి కూడా ఒక అర్హత ఉండాలి.

బళ్లో ఇప్పుడు అంతా సజావుగా ఉంది. ఆడపడుచు రోజూ మధ్యాహ్నం వంటగది తలుపేసుకుని ప్యాకెట్లు విప్పి, బిస్కెట్లని పళ్లేల్లో పేర్చి, ఓవెన్‌లో కాసేపు వెచ్చబెడుతుంది. కవర్లు సంచిలో ఇంటికి పట్టుకెళుతుంది. పిల్లలు చేత్తో చేసిన తిండి తింటున్నారని ప్రెసిడెంటమ్మ వార్షిక నివేదికలో రాయించింది. పళ్ల డాక్టరుకి పని తగ్గలేదు. ఫ్యాక్టరీలో గిరాకీ పెరిగి రెండో షిఫ్టు పెట్టారు. మేనేజరుగారు అచ్చులాయన్ని మళ్లీ పిలిచి, ఒకటే వేలైతే జనం పసిగడతారు, ఈసారి ముసలావిడ వేలు ఒకటి ఊహించమన్నారు.

ఆ ఇంట్లో కూడా బిస్కెట్లు ఆగలేదు. ఇత్తడి వృత్తం, చట్రం, నున్నటి బిళ్ల అటకెక్కాయి. ఆవిడ మళ్లీ అరచేత్తో తట్టి, వేలితో నొక్కి, వాయికి వాయి చేస్తోంది. ఇరుగూ పొరుగూ వచ్చి అడిగి మరీ చేయించుకుంటున్నారు. వాళ్లలో ఒకావిడ ఇవి అచ్చం కొన్నవాటిలాగే ఉన్నాయని మెచ్చుకుంది కూడా. అచ్చులాయన భార్య నవ్వి ఇంకో రెండు చేతిలో పెట్టింది. కూతురి డబ్బాలో అవే వెళతాయి. మొగుడి డబ్బాలో మాత్రం వెళ్లవు. పెళ్లయ్యాక మొదటిసారిగా ఆవిడ కొట్టుకెళ్లి ప్యాకెట్ కొంటోంది. దాన్ని కత్తెరతో జాగ్రత్తగా కత్తిరించి, అందులోవి తీసి, ఆయన డబ్బాలో ఒద్దికగా పేర్చి, మూతపెట్టి చేతికిస్తుంది.

మొదటి రోజు ఆయన గుమ్మంలోనే మూత తీసి చూశాడు. "ఇవేంటే?" అన్నాడు.

"నా చేతివేగా. తినండి" అంది.

ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో అచ్చులాయన డబ్బా విప్పాడు. రోజంతా కళ్లముందు బారులు తీరి వచ్చేదే, డబ్బాలో కూడా కూర్చుంది. పక్కన కూర్చున్న ప్యాకింగ్ సూపర్‌వైజరు తొంగిచూసి పకపకా నవ్వాడు.

"ఏంటి సీనియరుగారూ, చేసేది ఇవే, తినేది కూడా ఇవేనా? ఇంట్లో ఆవిడ చెయ్యడం మానేసిందా ఏంటి?"

అచ్చులాయన ఒక బిస్కెట్టు తీసుకున్నాడు. గుంటలో ఏటవాలు గాటు వెలుతురుకి స్పష్టంగా కనిపిస్తోంది. సీసామందు మాడు వాసన ముక్కుకి తగిలింది.

"లేదు. ఇవి మా ఆవిడవే" అన్నాడు.

బల్ల చుట్టూ ఉన్నవాళ్లందరూ విరగబడి నవ్వారు. ఆయన ఇంత హాస్యం ఆడతాడని వాళ్లకి తెలియదట. ఒకడైతే కళ్లు తుడుచుకుంటూ, ఈ మాట మేనేజరుగారికి చెప్పి తీరాలన్నాడు. అచ్చులాయన బిస్కెట్టుని నోట్లో పెట్టుకుని, సరిగ్గా వేలి గుంట దగ్గర కొరికాడు.